ఏ ఊరి కుర్చీ? ముత్యపుచిప్ప పొదిగిన పాత సామాను పుట్టుక గురించి

తెలుగింట మొదటి నుంచీ ఉన్న సామానుకు తెలుగు పేర్లే ఉన్నాయి: మంచం, పీట, బల్ల, ఉయ్యాల. తరువాత వచ్చి చేరినవాటికి మాత్రం అవి వచ్చిన దారే పేరుగా నిలిచిపోయింది. కుర్చీ అరబ్బీ మాట. ఫారసీ, ఉర్దూల మీదుగా మనకు చేరింది. అలమార పోర్చుగీసువారు ఇచ్చిన మాట. బీరువా యూరపు వారి 'బ్యూరో'కు తెలుగు నోట కుదిరిన రూపం. గోల్కొండ ఫౌజుదార్ల ఏలుబడిలో చికాకోల్ సర్కారుగా ఉండి, భీమునిపట్నంలో డచ్చివారినీ, విశాఖలో ఇంగ్లీషువారినీ చూసిన శ్రీకాకుళం, విజయనగరం సీమలో ఈ దారులన్నీ కలిశాయి. తెలుగు రాజులు ఏలిన విజయనగరం కోటలో దర్బారు భవనానికి మోతీ మహల్ అని ఉర్దూ పేరు ఉండడం కూడా ఆ కలయికకు గుర్తే.

ఇటువంటి చోట పాత కుర్చీయో, నగల పెట్టెయో, నిలువుటద్దపు చట్రమో బయటపడి, దాని మీద బంగారు మలామూ ముత్యపుచిప్ప తళుకూ కనిపించినప్పుడు, చూసినవారు మొదట అడిగే ప్రశ్న 'ఇది ఏ దేశపు పని?' అనే. ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పబోతే పొరపాటు తప్పదు. ఈ తరహా సామానులో రూపం అడిగి చేయించుకున్నవారిది కావచ్చు, చిప్ప మూడో దేశపు సముద్రంలోది కావచ్చు, లక్క మరో అడవిది కావచ్చు. చేసిన చేతిని మాత్రం పనితనంలో, అంటే అతుకుల్లో, మేకుల్లో, గీతల్లో వెతుక్కోవాలి. పేరును నమ్ముకుంటే ఎంత దూరం దారి తప్పుతామో చెప్పడానికి మన తీరం పేరే పెద్ద ఉదాహరణ.

18వ శతాబ్దపు ఇంగ్లండులో హొరేస్ వాల్‌పోల్ అనే రచయిత స్ట్రాబెరీ హిల్ అన్న తన ఇంటిని మధ్యయుగపు కోటను తలపించేలా కట్టుకుని, అందులో నల్లచేవ కర్రతో చేసి ఒళ్లంతా చెక్కడం నింపిన పాత కుర్చీలు పెట్టుకున్నాడు. ట్యూడర్ రాజు ఎనిమిదో హెన్రీకి మంత్రి అయిన కార్డినల్ వుల్సీ పేరుతో ముడిపడిన ఒక ఇంట్లో అటువంటివే చూసి ఉండడంతో, అవి 16వ శతాబ్దపు ట్యూడర్ రాజుల కాలం నాటి అసలైన ఇంగ్లీషు సామాను అని ఆయన గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకం పాకి, నల్లచేవ కుర్చీలంటే ట్యూడర్ కుర్చీలే అని ఇంగ్లండులో చాలాకాలం చలామణి అయింది. నిజానికి అవి 17వ శతాబ్దంలో కోరమాండల్ తీరాన, అంటే మన తూర్పు తీరాన, ఐరోపా వర్తకుల కోసం ఇక్కడి వడ్రంగులు చేసినవి. మెలితిప్పిన కాళ్లూ వెన్ను కమ్మీలూ ఐరోపా వాడుకలోవి. వాటి మధ్య కిక్కిరిసిన పూలతీగలూ పక్షులూ మాత్రం ఈ తీరానివి. ఆకారాన్ని మాత్రమే చూసినవారికి చెక్కిన చేయి కనిపించలేదు.

దీనికి సరిగ్గా ఎదురు దిశలో జరిగిన పొరపాటు కూడా ఉంది. పాత వస్తువుల అంగళ్లలో నేటికీ 'కోరమాండల్ తెరలు' అన్న పేరు వినిపిస్తుంది. నల్లటి లక్క మీద బొమ్మలు తొలిచి రంగులు నింపిన, ఎన్నో పలకలుగా మడిచే ఆ ఎత్తైన తెరలు చైనాలో తయారయ్యాయి. ఈ తీరపు రేవుల్లో ఓడలు మారి ఐరోపాకు వెళ్లాయి కనుక రేవు పేరే సరుకు పేరయింది. మన తీరం చేసిన కుర్చీలకు ఇంగ్లండు పేరూ, మన తీరం చేయని తెరలకు మన పేరూ దక్కాయన్నమాట. ముత్యపుచిప్ప పనిని పరిశీలించేటప్పుడు ఈ రెంటినీ గుర్తు పెట్టుకోవడం అవసరం.

ముత్యపుచిప్ప తళుకు రంగు వల్ల వచ్చినది కాదు. చిప్ప లోపలి పొర ప్రధానంగా సున్నపు పదార్థమే. ఆ సున్నం అతి పలుచని పలకలుగా, గోడలో ఇటుకల్లా, మధ్యన జంతుపదార్థపు సన్నని పూతతో పేరుకుని ఉంటుంది. ఒక్కో పలక మందం మిల్లీమీటరులో సుమారు రెండువేల వంతు మాత్రమే, అంటే కంటికి కనిపించే వెలుగు తరంగం పొడవుకు దగ్గరది. ఒక పొర నుంచీ దాని కింది పొర నుంచీ తిరిగి వచ్చే వెలుగు ఒకదానితో ఒకటి కలిసి కొన్ని రంగులు బలపడి, కొన్ని అణగిపోతాయి. అందుకే చూసే కోణం మారితే గులాబీ పచ్చగానూ, పచ్చ నీలంగానూ కనిపిస్తుంది. నల్లటి నేల మీద ఈ తళుకు రెట్టింపైనట్టు తోస్తుంది కనుక ఏ దేశపు పనివారైనా దీన్ని నల్లలక్కలోనో, నల్లచేవలోనో, నల్లరాతిలోనో పొదగడానికే మొగ్గారు. ఒకరిని చూసి మరొకరు నేర్చుకోకుండానే కొన్ని పోలికలు రావడానికి ఇలాంటి భౌతిక కారణాలు ఉంటాయి. పోలిక కనిపించిన ప్రతిచోటా ప్రభావం అనేయడం తొందరపాటు.

సముద్రపు చిప్పను చెక్కలో పొదగడం ఐదువేల ఏళ్లకు దగ్గరపడుతున్న విద్య. క్రీస్తుపూర్వం 2500 ప్రాంతానికి చెందిన, నేటి ఇరాక్‌లోని ఊర్ నగరపు సమాధుల్లో దొరికిన వీణలకూ పెట్టెలకూ చిప్ప ముక్కలను, నీలపురాతిని తారులో అతికించారు. తూర్పున జపాన్‌లోని నారా పట్టణంలో షోసోయిన్ అనే కొయ్య భండారం ఉంది. 756లో షోము చక్రవర్తి మరణానంతరం ఆయన వస్తువులను బుద్ధుడికి సమర్పించగా అందులో భద్రపరిచారు. ఆ భండారంలోని ఐదు తంత్రుల బివా అనే వాద్యం పొడవునా ముత్యపుచిప్ప పూలు పొదిగి ఉన్నాయి; మీటే చోట ఒంటె మీద కూర్చుని వాద్యం వాయిస్తున్న మనిషి బొమ్మ ఉంది. ఐదు తంత్రుల ఆ వాద్యం పుట్టుక భారతదేశంలో అని పండితుల మాట. మన వైపు పుట్టిన వాద్యరూపం, మధ్య ఆసియా ఒంటె, చైనా పొదుగు పని, జపాన్ భండారం: 8వ శతాబ్దానికే ఇన్ని ఒక్క వస్తువులో చేరాయి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగ తొలిచి, అంచుకు తెల్లని నగిషీ అద్ది వీణ చేసే సర్వసిద్ధి కుటుంబాల పని ఎరిగినవారికి, వాద్యానికి మెరుపు అంచు కట్టాలన్న ఆ తపన కొత్తగా అనిపించదు.

భారతదేశంలో ఈ పనికి పెద్ద నెలవు గుజరాత్. అక్బరు కాలపు 'ఆయినె అక్బరీ'లో అబుల్ ఫజల్ గుజరాత్ పనివారు ముత్యపుచిప్ప పొదిగి చేసే పెట్టెలను, కలాలు పెట్టుకునే కలందానులను మెచ్చుకుంటూ రాశాడు. వారి పని రెండు తీరుల్లో కనిపిస్తుంది. ఒకటి, చెక్క మీద నల్లలక్క ముద్ద పరిచి, అందులో సన్నగా కోసిన చిప్ప ముక్కలతో పూలు, తీగలు, అరబ్బీ అక్షరాలు కూర్చడం. ఫతేపూర్ సిక్రీలో సలీం చిష్తీ సమాధి మీది పందిరిలో ముత్యపుచిప్ప పని నేటికీ చూడవచ్చు. రెండోది, చెక్క మీద, కొన్నిసార్లు చెక్క కూడా లేకుండా, చిప్ప ముక్కలనే చేప పొలుసుల్లా ఒకదాని పక్కన ఒకటి పేర్చి సన్నని ఇత్తడి మేకులతో బిగించడం. ఈ పొలుసుల నమూనా అందం కోసం మాత్రమే పుట్టిందనుకోనక్కరలేదు. చిప్ప వంపుగా ఉంటుంది. దాని నుంచి పెద్ద పలక రాదు, చిన్న ముక్కలే వస్తాయి. ఆ ముక్కలను వృథా లేకుండా వాడుకోవాలంటే పొలుసూ తామరరేకూ అనుకూలమైన ఆకారాలు. ముడిసరుకు పెట్టిన హద్దే ఇక్కడ శైలిగా మారింది.

ఈ గిన్నెలూ పళ్లేలూ పెట్టెలూ పోర్చుగీసు ఓడల్లో లిస్బన్ చేరి, అక్కడి నుంచి జర్మనీ దొరల భండారాలకు వెళ్లాయి. లైప్‌జిగ్, న్యూరెంబర్గ్ నగరాల కంసాలులు వాటికి బంగారు మలాము చేసిన వెండి పట్టీలు, పిడులు, పాదాలు అమర్చారు. డ్రెస్డెన్‌లోని రాజభండారంలో అటువంటివి ఇప్పటికీ ఉన్నాయి. బంగారు మలామూ ముత్యపుచిప్పా కలిసిన వస్తువు అంటే ఇదే తొలి నాళ్ల రూపాల్లో ఒకటి. ఇందులో ఒక్క చేయి అంటూ లేదు. గుజరాత్ పనివాడికి ఆ పట్టీలు పడతాయని తెలియదు. లైప్‌జిగ్ కంసాలికి ఆ చిప్ప ఏ నీటిదో తెలియదు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా కలిసి చేసిన వస్తువును 'జర్మన్' అనో 'భారతీయం' అనో ఒక పెట్టెలో పడేయడం ఆ ఇద్దరిలో ఒకరికి అన్యాయం చేయడమే.

పోర్చుగీసువారు 1543లో జపాన్ చేరారు. అక్కడి పనివారు నల్లలక్క మీద బంగారు పొడి చల్లి బొమ్మ తీర్చే 'మాకియె' పనిలో అప్పటికే ఆరితేరినవారు. వచ్చిన వర్తకులూ మత గురువులూ తమకు కావలసిన ఆకారాలు చెప్పారు: గుండ్రని మూత ఉన్న భోషాణాలు, సొరుగుల పెట్టెలు, బైబిలు పెట్టుకునే మడత పీటలు. జపాన్ పనివారు వాటిని చేసి, ఖాళీ జాగా ఉంచే తమ సహజమైన అలవాటును మానుకుని, అంగుళం కూడా మిగలకుండా బంగారు పూలతోనూ చిప్ప ముక్కలతోనూ నింపేశారు. ఈ 'నంబన్' పనిలో చిప్ప వరసల కూర్పుకు గుజరాత్ సామాను స్ఫూర్తి అని కళాచరిత్రకారులు పలువురు భావిస్తారు. అప్పటికే గోవాలో, లిస్బన్‌లో గుజరాతీ చిప్ప పనికి అలవాటు పడిన కొనుగోలుదార్లు జపాన్‌లోనూ అటువంటి మెరుపే అడిగి ఉంటారనడం సబబైన ఊహే.

ఈ వాదానికి బలమిచ్చే సంగతి ఆ తరువాత జరిగింది. 1639లో పోర్చుగీసువారిని జపాన్ వెళ్లగొట్టింది. 1641 నుంచి దెషిమా దీవిలో డచ్చివారికి మాత్రమే చోటు దక్కింది. కొనేవారు మారగానే సరుకు మారింది. చిప్ప తగ్గిపోయింది, ఖాళీ నల్ల నేల తిరిగి వచ్చింది, దాని మీద కొండలూ ఇళ్లూ బంగారు గీతల్లో తేలాయి. పనివారు వారే, లక్క అదే. అభిరుచి అనేది చేసే చేతిలో ఎంత ఉందో, డబ్బిచ్చే చేతిలోనూ అంత ఉందని ఇంతకంటె స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకడం కష్టం. దెషిమాలో ఈ పెట్టెలు కొన్న డచ్చి వర్తక కంపెనీకే భీమునిపట్నంలోనూ వర్తకస్థానం ఉండేదని గుర్తు చేసుకుంటే, ఈ కథ ఇక్కడికి ఎంతో దూరం కాదు.

అదే నంబన్ సామాను మనీలా నుంచి పసిఫిక్ దాటి మెక్సికోకు కూడా చేరింది. 1565 నుంచి 1815 వరకు నడిచిన ఆ ఓడల దారిలో వెళ్లిన తూర్పు సరుకును చూసి, 17వ శతాబ్దం చివరలో మెక్సికో చిత్రకారులు చిప్ప ముక్కలు అతికించిన పలకల మీద పలుచని రంగులతో బొమ్మలు వేశారు. ఒట్టోమన్ రాజ్యంలో ఈ విద్యకు దక్కిన గౌరవం వేరు. ఇస్తాంబుల్‌లో 1609లో మొదలైన నీలి మసీదును కట్టిన మెహ్మెద్ ఆగా వాస్తుశిల్పి కాకముందు ముత్యపుచిప్ప పనివాడు. ఆ వృత్తినామమే చివరి దాకా ఆయన పేరుకు ముందు నిలిచింది. తెలుగు నేలకు దగ్గరలో చూడదగినది బీదరు కోటలోని రంగీన్ మహల్. 1542 నుంచి 1580 వరకు ఏలిన అలీ బరీద్ షా కాలంలో అక్కడ నున్నని నల్లరాతిలో తొలిచిన గాడుల్లో చిప్పను కూర్చారు. అదే ఊళ్లో నల్లటి లోహంలో వెండిని కూర్చే బిద్రీ పని వర్ధిల్లడం, పొదుగు అనే ఆలోచన ఒక పదార్థం నుంచి మరో పదార్థానికి ఎంత సులువుగా దూకుతుందో తెలుపుతుంది.

ఇక బంగారం సంగతి. పాత సామాను మీద బంగారంగా కనిపించేదంతా ఒక్క పని కాదు. ఐరోపా చట్రాలకు, కుర్చీలకు చెక్క మీద సుద్దనూ జంతు బంకనూ కలిపిన పూత పలు పొరలుగా వేసి, దాని మీద ఎర్రని మెత్తటి మట్టి పూసి, నీటితో తడిపి, మిల్లీమీటరులో పదివేల వంతు మందం మాత్రమే ఉండే బంగారు రేకు అంటించి, నున్నటి రాతితో రుద్ది మెరుగు పెట్టేవారు. సుద్దపూత మీద రేకు అంటించే ఈ పద్ధతి తంజావూరు చిత్రాల్లో మక్కు మీద బంగారు రేకు అంటించే పద్ధతికి దగ్గరి చుట్టం. జపాన్ పనిలో రేకు కంటే పొడికి ప్రాధాన్యం. లోహపు పట్టీల మీది పాత మలాము పాదరసంతో చేసినది. పాదరసాన్ని వేడితో ఆవిరి చేసి బంగారాన్ని నిలిపే ఆ పని ఎందరో పనివారి ఆరోగ్యాన్ని హరించింది.

లక్క విషయంలో మాట తెచ్చిన గందరగోళం ఒకటి ఉంది. జపాన్, చైనాల లక్క ఒక చెట్టు పాలు. మన లక్క ఒక పురుగు కొమ్మల మీద కట్టే గూడు నుంచి వచ్చే గుగ్గిలం. సంస్కృతంలోని 'లాక్షా' నుంచి పుట్టిన మాటనే ఐరోపా వారు రెంటికీ తగిలించారు. చెట్టు పాలను ఐరోపాకు చెడకుండా చేర్చడం కుదరకపోవడంతో, అక్కడివారు జపాన్ పనిని అనుకరించడానికి మన పురుగు లక్కనే సారాలో కరిగించి పొరలు పొరలుగా పూశారు. ఆ విధంగా 'జపానీ' పేరుతో ఇంగ్లండులో అమ్ముడైన నల్లని సామాను మెరుపులో భారతదేశపు అడవుల వాటా ఉంది. బర్మింగ్‌హామ్‌లో జెన్నెన్స్ అండ్ బెట్రిడ్జ్ అనే సంస్థ 1825లో చిప్ప అలంకరణకు పేటెంటు పుచ్చుకుని, కాగితపు గుజ్జుతో చేసిన కుర్చీలు, బల్లలు, పళ్లేల మీద చిప్పనూ బంగారు గీతలనూ నింపింది. బంగారమూ చిప్పా కలిసిన విక్టోరియా కాలపు నల్ల కుర్చీ కనిపిస్తే, అది జపాన్‌ది అనుకునే ముందు ఈ బర్మింగ్‌హామ్ సంగతి తలచుకోవాలి.

మన తీరపు సొంత పొదుగు పనికి చిప్ప కంటె దంతమే ఆధారమైంది. విశాఖలో ఇంగ్లీషు కంపెనీ 1682లో వర్తకస్థానం పెట్టింది. విజయనగరం పూసపాటి ప్రభువుల పలుకుబడి నడిచిన ఈ సీమలో, 1756లో విశాఖ వచ్చిన మేజర్ జాన్ కార్నీల్ అక్కడి రంగుల అద్దకపు బట్టలనూ, పొదుగు పనినీ ఒకేచోట పొగిడాడు. ఆ రెండు పొగడ్తలూ పక్కపక్కన రావడం గమనించదగినది. ఎందుకంటే విశాఖ పెట్టెల అంచుల్లో పాకే పూలతీగ, అద్దకపు బట్ట అంచుల్లోని పూలతీగకు తోబుట్టువే. టేకు, ఇరుగుడు, నల్లచేవ, గంధపు చెక్కల మీద దంతపు పలక పొదిగి, సూదిమొనతో బొమ్మ గీసి, ఆ గీతలో నల్లలక్క నింపి తుడిచేవారు. ఆకారాలు మాత్రం ఇంగ్లండు నుంచి వచ్చిన సామానును, అచ్చు బొమ్మలను చూసి తీసుకున్నవి. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ వించ్ దగ్గరి దంతపు కుర్చీలను మూడో జార్జి 1781లో కొని షార్లెట్ రాణికి ఇచ్చాడు. అవి నేటికీ ఇంగ్లండు రాజకుటుంబపు సేకరణలో ఉన్నాయి.

గుజరాత్‌లో చిప్ప, విశాఖలో దంతం ఎందుకు నిలిచాయన్నదానికి వర్తకపు కారణాలతో పాటు చేతిపని కారణం కూడా ఉంది. చిప్ప చిన్నది, పెళుసు. దానితో నమూనా కూర్చవచ్చు కానీ పొడవైన గీత గీయలేము. దంతం పెద్ద పలకగా కోతకు వస్తుంది, కాగితంలా గీతను స్వీకరిస్తుంది. కలంతో పూలతీగ గీసే అలవాటున్న బట్టల సీమకు గీతను మోసే పదార్థమే నచ్చడం సహజం. కంపెనీ సామాను చరిత్రలో ఇంగ్లీషు ఆకారాల గురించి రాసినంతగా, అద్దకపువాడి గీత పెట్టెవాడి దంతం మీదికి ఎలా నడిచిందన్నది రాయకపోవడం పెద్ద లోటు.

ఒక పాత వస్తువు చేతికి వచ్చినప్పుడు ముఖభాగం కంటె వెనుకభాగం, సొరుగు అడుగు ఎక్కువ చెబుతాయి. కొన్నవారి ఆజ్ఞ ముఖం వరకే నడిచింది. కంటికి ఆనని చోట వడ్రంగి తన ఊరి అలవాటు ప్రకారమే అతుకు వేశాడు. చెక్క జాతి, రంపపు గాట్లు, మేకు లోహం, గీతలో నింపిన నలుపు చూడాలి. అసలు చిప్పలో ఏ రెండు ముక్కల పొరలూ ఒకేలా ఉండవు, తాకితే చల్లగా ఉంటుంది. ప్లాస్టిక్కులో ఒకే అల పదేపదే వస్తుంది. బంగారు రేకు వందల ఏళ్లకూ నల్లబడదు; దాని మీద ఎవరో పూసిన ఇత్తడి పొడి రంగు మాత్రం గోధుమ, పచ్చ ఛాయలకు తిరుగుతుంది. నేడు ఉదయపూర్ వైపు నుంచి వచ్చే కొత్త చిప్ప సామానులో ముక్కల మధ్య లక్కకు బదులు రసాయన రెజిన్ ఉంటుంది. అది తక్కువ పని అని కాదు, పాతదిగా అమ్మితేనే తప్పు.

సముద్రపు గాలి తగిలే ఈ జిల్లాల్లో ఇటువంటి వస్తువుకు ముప్పు ఎక్కువ. వానాకాలంలో చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుపోతుంది. చిప్ప ఉబ్బదు, కుంచించుకోదు. ఏటేటా ఈ లాగులాటలో బంక వదిలి ముక్క లేచిపోతుంది. లేచిన ముక్కను పారేయకుండా కాగితంలో చుట్టి ఆ సొరుగులోనే ఉంచడం మరమ్మతుకు సగం సాయం. ఇత్తడిని తోమినట్టు చింతపండుతోనో నిమ్మచెక్కతోనో చిప్పను రుద్దకూడదు. పులుపు సున్నాన్ని కరిగిస్తుంది కనుక తళుకు ఒక్క తోముడుతో శాశ్వతంగా పోతుంది. నీటితో అంటించిన బంగారు రేకును తడిగుడ్డతో తుడిస్తే బంక కరిగి బంగారం గుడ్డకు వస్తుంది. పొడి మెత్తని కుంచె చాలు.

దంతం ఉన్న సామాను విషయంలో చట్టం కూడా తెలిసి ఉండాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో, 1991లో వచ్చిన సవరణలతో దేశంలో దంతపు వ్యాపారం పూర్తిగా నిషిద్ధమైంది. అదే 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువును ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. తళుకు చిప్ప ఉండే నాటిలస్ అనే సముద్రజీవికి 2017 నుంచి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ వర్తిస్తోంది. గొల్లపల్లి వీణల అంచుకు ఒకప్పుడు దంతం ఉన్న చోట ఇప్పుడు తెల్లని ప్లాస్టిక్కు పలక వచ్చింది. దాని మీద పూలతీగను గీసి, ఆ గీతలో రంగు నింపి తుడిచే చేతి కదలిక మాత్రం విశాఖ దంతపు పెట్టెలు చేసినవారి చేతి కదలికే.